కాయల్లేని తట్ట

ఎయిర్‌పోర్టుకు నేను వెళ్లినన్ని సార్లు పైలట్లు కూడా వెళ్లి ఉండరు. శంషాబాద్‌లో క్యాబ్ నడిపేవాణ్ణి కదా. అయితే నా ప్రయాణం ఎప్పుడూ గేటు ముందు డిక్కీ తెరవడంతోనే ఆగిపోయేది. ఆ అద్దాల తలుపుల అవతల ఏముందో నాకు తెలియదు. జనం లోపలికి పోయేటప్పుడు నవ్వుతూ పోతారు, వచ్చేటప్పుడు ఎవరో కొట్టినట్టు వస్తారు. మధ్యలో లోపల ఏదో చేస్తున్నారని నా అనుమానం.

ఈసారి డిక్కీలో ఉన్నవి నా పెట్టెలే. స్టీరింగ్ దగ్గర మల్లేష్, మా స్టాండులోనే బండి నడిపే దోస్తు. బండి కదలగానే మొదలుపెట్టాడు.

"సార్, ఏసీ వెయ్యాల్నా?"

"నోరు మూసుకొని నడుపురా."

"గట్ల మాట్లాడితే ట్రిప్ క్యాన్సల్ చేస్త సార్. జర ఓటీపీ చెప్పుండ్రి."

గేటు దగ్గర పెట్టెలు దించి చెయ్యి చాపాడు. నాకు పాసింజర్లు ఇచ్చేదే నేనూ ఇచ్చాను: ఒక "థాంక్యూ బాస్".

"ఆఫ్రికా పోయేటోడు గంతేనా ఇచ్చేది? పో, పో. సింహం పట్టుకుంటే నా పేరు చెప్పు, ఇడిసిపెడ్తది."

నేను పోతున్నది సింహాల కోసం కాదు, మేనల్లుడి కోసం. మా చెల్లెలు స్వరూప ఘానా దేశంలో ఉంటుంది. రాజధాని అక్రా పక్కన తేమా అనే రేవు పట్నం. ఆమె మొగుడు సురేష్ అక్కడ పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. వాళ్లవాళ్లు కోస్తా వైపు నుంచి వచ్చి బడంగ్‌పేటలో ఇల్లు కట్టుకున్నారు. గారు, అండి లేకుండా సురేష్ దగ్గు కూడా దగ్గడు. పెళ్లైన చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. బాలింత దగ్గరికి అమ్మ పోవాలి. కానీ ఆ దేశానికి పోయేవాళ్లు పచ్చజ్వరం టీకా వేసుకోవాలి, ఆ కార్డు లేకుంటే అక్కడ అడుగు పెట్టనివ్వరు. అమ్మ వయసుకు ఆ సూది మంచిది కాదన్నాడు డాక్టరు. అమ్మ నా వైపు చూసింది. డాక్టరు నా వైపు చూశాడు. నేను చొక్కా చేయి పైకి మడిచాను.

మీలో ఎవరైనా వెళ్లేట్టుంటే చెప్తున్నా, ఆ సూది ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. నొప్పేమీ ఉండదు. నేను అరిచింది అలవాటు కొద్దీ.

విమానం పొద్దున పదింటికి. కిటికీ సీటు అడిగి తీసుకున్నాను. మా జొన్న చేను ఎయిర్‌పోర్టు కిందికి పోయిందని నాయన చెప్పేవాడు. ఎక్కడో చూద్దామని ముక్కు అద్దానికి ఆనించాను. నాయన ఎడ్లతో పొద్దంతా దున్నే దూరం విమానం రెప్పపాటులో దాటేసింది. ఏ గట్టో ఏమో, తెలియనే లేదు.

మధ్యాహ్నానికి దుబాయ్. అక్రా విమానం మర్నాడు పొద్దున. అంతసేపూ కుర్చీల్లో వంకర్లు తిరుగుతూ గడిపాను. టీ ఒకటి తాగి, దాని ధర మన రూపాయల్లోకి మార్చి చూసుకుని, ఆ కప్పు కడిగి సంచిలో పెట్టుకున్నాను. రెండో విమానంలో పక్క సీటు శీనన్న, నల్గొండ వైపు మనిషి. ఘానాలో బోర్లు వేసే బండి మీద పనిచేస్తాడట. తెలుగు వినేసరికి సీటు బెల్టు విప్పేసి ఇటు తిరిగాడు.

"తమ్మీ, ఆడ అన్నీ నెత్తి మీదనే నడుస్తయి. నీళ్లు నెత్తి మీద, చేపలు నెత్తి మీద, దుకాణం మొత్తం నెత్తి మీద. నువ్వు పానం బాగలేదని కూసుంటే నిన్ను గూడ ఎత్తుకపోతరు."

"కిరాయి ఎంతన్నా?"

"బేరమాడాలె."

నవ్వుకున్నాం. అన్నం వచ్చింది, తిన్నాం. శీనన్న గురక పెట్టాడు. దాదాపు ఎనిమిది గంటలు ఎడారి, మబ్బులు, గురక.

అక్రాలో దిగేసరికి పొద్దున పదకొండు దాటింది. మనకంటే ఐదున్నర గంటలు వెనక, అంటే నా వయసు కాస్త తగ్గింది. కస్టమ్స్ ఆఫీసరు నా పెట్టె తెరిపించాడు. సీసాలు చూసి ఇవేంటన్నాడు. నా ఇంగ్లీషు 'సర్, లొకేషన్ ప్లీజ్' దగ్గర ఆగిపోతుంది. అందుకని ఒక్కో సీసా మీద వేలు పెట్టి పేర్లు చెప్పాను. "ఆవకాయ. మాగాయ. ఉసిరికాయ."

అతను పకపకా నవ్వాడు. పక్క బల్ల ఆఫీసరును పిలిచి "కాయా, కాయా!" అని నా పెట్టెలు చూపించాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వామో వాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

బయట సురేష్ కారుతో ఉన్నాడు.

"రండి బావగారు. ప్రయాణం సుఖంగా జరిగిందా అండి?"

"సుఖమే బావా. మీరెట్లున్నరు?"

ఇద్దరం ఒకరికొకరం బావలమే. ఆయన అంటే మర్యాద, నేనంటే చనువు, తేడా అంతే.

రోడ్డంతా శీనన్న చెప్పినట్టే ఉంది. ఎర్ర దీపం పడగానే కార్ల మధ్యకు నెత్తి మీద దుకాణాలు వచ్చేశాయి. నీళ్ల ప్యాకెట్లు, అరటికాయ చిప్స్, టవళ్లు, ఒకామె నెత్తి మీద గోడ గడియారాలు. అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. మన ఆరాంఘర్ చౌరస్తాలో ఈ క్రమశిక్షణ ఎక్కడ!

తేమాలో వాళ్లు ఉండేది మేడ మీద వాటా. కింద ఇల్లుగల ఆమె, గ్రేస్ ఆంటీ. అక్కడ పెద్దవాళ్లను ఆంటీ అనే అంటారు, మనలాగే. భారీ మనిషి, భారీ నవ్వు. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుని ఊపింది. దుబాయ్ కుర్చీలు చేసిన వంకర్లన్నీ పోయాయి.

మేనల్లుడు చిన్ను ఐదు నెలలవాడు, సిమెంటు బస్తా లాగా ఉన్నాడు. మా స్వరూప మాత్రం సగమైంది. నన్ను చూసి ఏడుస్తుందేమో అనుకున్నాను. చిన్నును నా చేతుల్లో కుక్కి, గోడకు ఆనుకుని అక్కడికక్కడే నిద్రపోయింది. సాయంత్రం ఐదింటికి లేచి మొదటి మాట అన్నది.

"అన్నా, ఆవకాయ తెచ్చినవా?"

అన్నం, ఆవకాయ తింటుండగా చెప్పింది. "ఇగ నా పరేషాన్ తీరుతది అన్నా. పిల్లనెత్తుకోనీకి ఒక పిల్లను మాట్లాడినం. గ్రేస్ ఆంటీ కుదిర్చింది. శనివారం బజారుకు పోయి తీసుకొస్తరు."

"చిన్న పిల్ల అయితేనే మేలని ఆంటీ అన్నారండి బావగారు," అన్నాడు సురేష్. "ఎదురు చెప్పరట."

"మంచిదే కదా," అన్నాను, రెండో ముద్ద కలుపుకుంటూ. ఆవకాయ ముందు నేను దేనికైనా ఒప్పుకుంటాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి సురేష్, నేను అక్రాలోని మకోలా బజారుకు బయలుదేరాం. కారు వద్దు, ట్రోట్రో ఎక్కుదామన్నాను. ట్రోట్రో అంటే మన షేరింగ్ ఆటోకు పెద్దన్న లాంటి వ్యాను. తలుపు దగ్గర వేలాడుతూ ఒకడు ఊరి పేరు అరుస్తుంటాడు. "అక్రా-అక్రా-అక్రా!" అత్తాపూర్, ఆరాంఘర్ అరుపు మనవాళ్లు ఇక్కడ నేర్చుకున్నారా, వీళ్లు అక్కడ నేర్చుకున్నారా తేల్చుకోలేకపోయాను. నాకెక్కడ లేని ఉత్సాహం వచ్చి నేనూ కిటికీలోంచి "అక్రా-అక్రా" అన్నాను. ఇద్దరు ఎక్కారు. అరిచేవాడు నాకు సగం సీటు ఎక్కువ ఇచ్చాడు. సురేష్ గారు మొహం కిటికీ వైపు పెట్టుకున్నారు.

బజారు చెప్పాలంటే, మన బేగంబజార్‌ను నాలుగుసార్లు మడిచి పెడితే అందులో ఒక మూల. బియ్యం బస్తా, పెద్ద కుక్కరు, రెండు బకెట్లు, చిన్నుకు దోమతెర కొన్నాం. మోయడం ఎట్లా అనుకుంటుంటే దుకాణదారు బయటికి తల పెట్టి అరిచాడు.

"కాయా! కాయాయో!"

నా చెవులు నిక్కాయి. కాయట! ఊరు కాని ఊళ్లో తెలుగు మాట! ఒక అమ్మాయి పరుగెత్తుకు వచ్చింది. నెత్తి మీద పెద్ద ఇనుప తట్ట. ఏం కాయో చూద్దామని మునికాళ్ల మీద లేచి తట్టలోకి తొంగిచూశాను. ఏమీ లేదు. గుండ్రంగా చుట్టిన ఒక పాత గుడ్డ మాత్రం ఉంది.

"బావా, కాయ అన్నరు, కాయల్లేవు గదా?"

సురేష్‌కు నవ్వు ఆగలేదు. గారూ అండీ అన్నీ మరిచిపోయాడు. అమ్మాయికి చెప్పాడు, దుకాణదారుకు చెప్పాడు, వాళ్లు పక్క దుకాణానికి చెప్పారు. సందు మొత్తం నా మీద నవ్వింది. అప్పుడు తెలిసింది. అక్కడ కాయా అంటే బరువు, సామాను. యో అంటే ఆడది. ఆ దేశం ఉత్తరాది ఊళ్ల నుంచి బతకడానికి వచ్చి, నెత్తి మీద బరువులు మోసే ఆడపిల్లల పేరు అది. నా ఊరగాయ సీసాలు చూసి కస్టమ్స్ ఆఫీసరు ఎందుకు నవ్వాడో కూడా అప్పుడే తెలిసింది. పెట్టెలు మోసుకుంటూ వచ్చి "బరువు, బరువు, బరువు" అని పాఠం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అమ్మాయి పేరు ఫుసైనా. పంతొమ్మిదేళ్లు. గుడ్డ చుట్టను నెత్తిన పెట్టి, మేమిద్దరం బియ్యం బస్తాను ఎత్తి తట్టలో పెడితే, ఒక్క విసురున నిలబడింది. మీద కుక్కరు, దాని మీద బకెట్లు. నేను దోమతెర పట్టుకున్నాను. ఇంత లావు మనిషిని, దోమతెర పట్టుకుని ఆమె వెనక నడుస్తుంటే బజారంతా నా మీసం వైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఆంటీ చెప్పిన పిల్ల ఎక్కడుంటుందని సురేష్ దారిలో అడిగాడు. సందు మలుపులో ఆమె ఆగి "రాహీ!" అని పిలిచింది. ఇంకో తట్ట వచ్చింది. తట్ట కింద ఎవరూ లేరనుకున్నాను. ఉంది, పదేళ్ల పిల్ల. తట్ట అంచు ఆమె భుజాల కంటే వెడల్పు. తట్టలో ఉల్లిగడ్డలు.

"ఈ అమ్మాయేనండి, గ్రేస్ ఆంటీ చెప్పింది," అన్నాడు సురేష్.

పిల్లనెత్తుకోనీకి పిల్ల. ఇంటి దగ్గర ఆ మాట ఆవకాయతో పాటు గొంతు దిగిపోయింది. ఇక్కడ దిగలేదు. ఇది కాయ కూడా కాదు, పిందె.

ఫుసైనా బరువు దించకుండానే మాట్లాడింది. ఆమె ఇంగ్లీషు నాకంటే నయం, సురేష్ కంటే తక్కువ. నాకు అందనిది సురేష్ తెలుగులో చెప్పాడు. మధ్యలో "దునియా" అన్నది. ఆగాగు, దునియానా? మా శంషాబాద్‌లోనూ అదే దునియా! ఆ ఒక్క మాటతో మాకు చుట్టరికం కలిసింది. రాహీ ఆమె చెల్లెలు. ఊళ్లో తల్లికి బడిలో వేస్తామని చెప్పి తీసుకొచ్చారట, వచ్చాక తట్ట చేతికిచ్చారు. రాత్రిళ్లు మూసిన దుకాణాల ముందు పడుకుంటారు. వంతుల వారీగా ఒకరు మేలుకొని ఉంటారు. ఎందుకని నేను అడగలేదు. చెల్లెలున్నవాణ్ణి.

తర్వాత ఆమె సురేష్‌ను ఒక్కటే అడిగింది. "మీ ఇంటికి లోపలి నుంచి గడియ ఉందా?"

జీతం అడగలేదు. తిండి అడగలేదు. సురేష్ ఉందన్నాడు. "అయితే తీసుకెళ్లండి," అని చెల్లెలి తట్ట దించి ఉల్లిగడ్డలు తన తట్టలోకి ఒంపుకుంది.

వ్యానులో రాహీ ఖాళీ తట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలవాటు కొద్దీ నేను ఆమెను నవ్వించబోయాను. చెవులు ఆడించాను, ముక్కు ఎగరేశాను. నా బండి ఎక్కిన పిల్లల దగ్గర ఒక్కసారి కూడా ఫెయిలు కాని విద్యలివి. ఆమె నన్ను పరీక్షగా చూసింది, పని చెప్తున్నానేమో అన్నట్టు.

ఇంట్లో మాత్రం పండగ. స్వరూప చిన్నును అందించగానే రాహీ వాణ్ణి వీపు మీద వేసుకుని, గుడ్డతో ఒక్క చుట్టు చుట్టి ముడేసింది. ఐదు నెలలుగా ఇల్లు పీకి పందిరేసిన మొనగాడు నిమిషంలో నిద్రపోయాడు.

"చూసినవా అన్నా! ఎంత మంచిగ కట్టింది!" స్వరూప అప్పుడు ఏడ్చింది, సంతోషంతో. వేడినీళ్లతో తలంటుకుని, తడి జుట్టుతో టీ తాగింది. ఆ మొహం చూసి నేనూ ఒక టీ పోసుకున్నాను.

సోమవారం పొద్దున ఏడింటికి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. కింద గ్రేస్ ఆంటీ మనవరాళ్లు బడికి బయలుదేరారు. నీలం గౌన్లు, భుజాలకు సంచులు. రాహీ వీపు మీద చిన్నుతో వాళ్ల వెనకే గేటు దాకా నడిచింది. గేటు దాటి మూల మలుపు దాకా పోయింది. అక్కడ నిలబడి, చిన్నును సర్దుకుని, వెనక్కి వచ్చింది. మంగళవారం కూడా అంతే. బుధవారం నా టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం మొదలుపెట్టాను. "స్వరూపా, పిల్లనెత్తుకోనీకి పిల్లను తెచ్చినవ్ మంచిగనే ఉంది. మరి ఈ పిల్లనెత్తుకోనీకి ఎవరిని తెస్తవ్?"

"జోకులెయ్యకు అన్నా."

"జోకు కాదే. మంది నా మాటలన్నీ జోకులే అనుకుంటే నేనేం చెయ్యాలె?"

ఆమె గరిటె పెట్టి నడుము మీద చేతులు పెట్టుకుంది. మా అమ్మే అనుకున్నాను. "నువ్వు ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి లారీ మీద క్లీనర్‌గ పోలేదా? సచ్చినవా?"

"నేను ఇడిసిపెట్టిన. ఇడిసిపెట్టనీకి నాకు ఒక బడి ఉండె. పంతులు ఇంటికొచ్చి చెవు పట్టుకొని ఈడ్చుకపోతే మళ్ల ఉరికొచ్చిన. ఈ పిల్లకు ఉరికొచ్చెటందుకు బడే లేదు."

"సరే, పంపిస్త. పోయి ఆ దుకాణాల ముంగట పండుకుంటది. గది నయమా? చెప్పు!"

పెద్దగా లోకం చుట్టి వచ్చినవాడిలా మాట్లాడాను గానీ, ఆ గడియ ఉన్న తలుపు మాత్రం వాళ్లది.

సురేష్ మెల్లగా చెప్పాడు. "రాహీ జీతం ఆంటీ చేతికే ఇవ్వాలటండి. ఆవిడ దాచి వాళ్లమ్మకు పంపిస్తారట."

అదీ సంగతి. రాత్రి పడుకుంటే ఆలోచన వచ్చింది. క్యాబ్ డ్రైవరు ఆలోచన. ఒక పాసింజరుకు బండి సరిపోకపోతే పాసింజరును కోయం కదా, పెద్ద బండి పంపిస్తాం. మర్నాడు టిఫిన్ దగ్గర పెట్టాను. "పెద్దదాన్ని తెచ్చుకోండ్రి. ఫుసైనాను. పంతొమ్మిదేండ్లు, పనికి జీతం తీసుకునే మనిషి. ఇద్దరూ గడియ లోపలుంటరు. పనంతా అక్కది. చిన్నది మూల మలుపు దాటి పోతది."

"జీతం పెరుగుతుంది బావగారు," అన్నాడు సురేష్. "పైగా పెద్దవాళ్లు ఎదురు చెప్తారని ఆంటీ..."

స్వరూప ఆయన మాట మధ్యలోనే పట్టుకుంది. "ఎదురు చెప్తదా?"

"చెప్తారనే అంటున్నారు," అన్నాడు సురేష్.

"నాకు ఎదురు చెప్పేదే కావాలె! మీరు పొద్దుగాల పోయి మాపటికి వస్తరు. నేను పొద్దంత ఐదు నెలల పోరనితోని మాట్లాడుకుంట కూసుంటున్న. ఈ చిన్నదేమో నేను ఏమన్నా తలకాయ ఊపుతది. నాకు పిచ్చి లేస్తుంది. ఎవరన్న ఒక్కరు నా మీదికి నోరు లేపాలె ఈ ఇంట్ల!"

సురేష్ గారు నోరు లేపలేదు. చొక్కా వేసుకున్నారు.

బజారుకు నేను కూడా పోయాను. ఫుసైనా మొత్తం విని, తట్ట బోర్లించి దాని మీద కూర్చుని బేరం మొదలుపెట్టింది. జీతం తన చేతికే ఇవ్వాలి. ఆదివారం తనది. చెల్లెలు బడికి పోవాలి, పోకపోతే అదే రోజు ఇద్దరూ వెళ్లిపోతారు. సురేష్ ఒక్కొక్కదానికి తల ఊపుతున్నాడు. చివరిది నా వైపు తిరిగి చెప్పింది.

"ఈ లావు మామ పెట్టె మాత్రం మోయను."

నేను వెంటనే ఒప్పుకున్నాను. నా కాయల సంగతి తెలిసిన పక్క తట్టలవాళ్లంతా మళ్లీ నవ్వారు. ఆ బజారులో నేను నవ్వించినంత ఎవరూ నవ్వించి ఉండరు, ఫీజు లేకుండా.

అసలు తమాషా ఇంటి దగ్గర జరిగింది. మెట్ల మొదట్లో గ్రేస్ ఆంటీ నిలబడి ఉంది, ఈసారి నవ్వు లేకుండా. పిల్లను తాను కుదిర్చింది కాబట్టి జీతం తన చేతికి రావాలన్నది. "ఈ వయసులోనే నేనూ ఈ ఊరొచ్చాను. నన్ను చూడండి, మేడ కట్టాను," అన్నది. అబద్ధం కాదు, మేడ ఎదురుగానే ఉంది. సురేష్ అద్దె ఇల్లు గుర్తొచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను చెవులు ఆడించే ఆలోచనలో ఉన్నాను.

ఫుసైనా తట్ట కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "నేను వచ్చినప్పుడు నాది కూడా దాస్తానన్నావు, ఆంటీ. బడిలో కూడా వేస్తానన్నావు. ఇంకా దాస్తూనే ఉన్నావా?"

గ్రేస్ ఆంటీ ఫుసైనా మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత సురేష్ వైపు తిరిగి, "చెప్పానా లేదా, పెద్దవాళ్లు ఎదురు చెప్తారని," అని లోపలికి పోయి తలుపేసుకుంది.

పైన స్వరూప చప్పట్లు కొట్టింది. మొదటి నెల జీతం మొదటి రోజే వసూలైంది అన్నది.

బడి మూల మలుపు దాటాక ఎడమ చేతి వైపు. పెద్ద మేడమ్ రాహీని చిన్న పిల్లల తరగతిలో కూర్చోబెట్టింది. అందరికంటే ఒక మూరెడు ఎత్తు. మొదటి రోజు ఇంటికి వచ్చి, నేను వ్యానులో ఆడించినట్టే చెవులు ఆడించడానికి చాలాసేపు ప్రయత్నించింది. రాలేదు. ముక్కు మాత్రం ఎగరేసింది. బడిలో ఎవరికో నేర్పిందట. నా విద్య కూడా ఒక బడికి ఎక్కింది చివరికి.

ఆ తర్వాతి రోజులు హాయిగా తిరిగాను. మొక్కజొన్న పిండి పులియబెట్టి ఆకుల్లో ఉడికించే కెంకే తిన్నాను. మన సంకటికి దూరపు చుట్టం, ఆవకాయతో బ్రహ్మాండం. బియ్యం, అలసందలు కలిపి వండే వాచే అయితే రోజూ తిన్నాను. సముద్రం ఒడ్డున పడవలు చూశాను. ఫుసైనా, స్వరూప రోజంతా పోట్లాడుకునేవాళ్లు. చిన్నుకు పోసే నీళ్లు వేడి ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. ఎవరి భాషలో వాళ్లు, ఏ మాటా ఆగకుండా. చెల్లెలికి ఒళ్లు వచ్చింది.

బయలుదేరే రోజు పొద్దున ఆరున్నరకే ఇల్లంతా లేచింది. నా పెద్ద పెట్టె గుమ్మం దగ్గర పెట్టి చెప్పులు వేసుకుంటున్నాను. చూస్తే పెట్టె లేదు. రాహీ నెత్తి మీద ఉంది. ఎవరూ చెప్పలేదు. బరువు కనిపించింది, ఎత్తుకుంది. అంతే, చేతికి దురద పుడితే గోక్కున్నట్టు.

"దింపు బిడ్డా, నేను తీస్కపోత." పట్టుకున్నాను. ఇవ్వలేదు. ఇటు లాగాను, అటు లాగింది. నా పరువు పెట్టె చక్రాలతో పాటు గాలిలో ఊగుతోంది. నేను స్వరూప వైపు చూశాను. ఏమంటుందో అని నిజంగానే భయపడ్డాను. నేను పోయాక ఈ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ మాటలోనే తెలిసిపోతుంది.

స్వరూప వంటింట్లోంచి ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే వచ్చింది. "అయ్యో, దింపు! ఇప్పుడే ఇస్త్రీ చేసిన గౌను, నలిగిపోతది! అన్నా, నీకు చేతుల్లేవా? నువ్వే మోసుకో!"

ఇంత మంచి తిట్టు నేను మా అమ్మ దగ్గర కూడా తినలేదు. పెట్టె తీసుకుని, అందరూ చూస్తుండగా, చేత్తో కాదు, నెత్తి మీద పెట్టుకున్నాను. ఫుసైనా గుడ్డ చుట్ట ఇచ్చింది, ఎలా నిలబడాలో చూపించింది. మెట్లు దిగాను, గేటు దాటాను, మూల మలుపు దాకా నడిచాను. ముందు రాహీ, నీలం గౌనులో, చేతులు ఊపుకుంటూ. గ్రేస్ ఆంటీ మనవరాళ్లు వెనక పడ్డారు. "కాయా! కాయా!" అని వీధంతా అరుపులు. కిటికీలోంచి ఆంటీ కూడా చూసింది, నవ్వు ఆపుకోలేకపోయింది. మలుపు దగ్గర రాహీ చెయ్యి ఊపి, ఎడమకు తిరిగి పోయింది. వెనక్కి చూడలేదు. బడికి ఆలస్యమైంది మరి.

ఇంతా చేసి నేను మోసింది ఓ పది నిమిషాలు. విమానం ఎక్కేసరికి మెడ పట్టేసింది. మామూలు పట్టు కాదు. దుబాయ్ దాకా ఎదుటి సీటు తప్ప ఇంకేమీ చూడలేదు. పక్కావిడ పలకరిస్తే నడుముతో సహా మొత్తం మనిషిని తిప్పాల్సి వచ్చింది. ఆమె భయపడి కళ్లు మూసుకుంది.

మీరు ఆ దేశం వెళ్తే తప్పకుండా కెంకే తినండి, ట్రోట్రో ఎక్కండి, జనం నవ్వితే మీరూ నవ్వండి. మనసున్న దేశం. మీ సామాను మీరే మోసుకోండి. పిల్లల్ని ఎత్తుకునే పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారని చెప్పి వ్యాసం ముగిద్దామనుకున్నాను. శంషాబాద్‌లో దిగకపోయి ఉంటే అక్కడే ముగిసేది.

మధ్యాహ్నం మూడింటికి దిగాను. సూది కార్డు చూశారు, పంపించారు. సామాను వచ్చే బెల్టు దగ్గర, కదలని మెడతో, కవాతు సిపాయిలా నిలబడ్డాను. నాకు సరిగ్గా ఎదురుగా ఒక కుటుంబం. ఆయన, ఆమె, మంచి బట్టలు, మంచి సెంటు. వాళ్ల వెనక ఒక పదేళ్ల పిల్ల. చంకలో వాళ్ల బాబు, భుజానికి పాలసీసాల సంచి. ఇలాంటి కుటుంబాలు నా బండి ఎక్కుతూనే ఉంటాయి. ఆ పిల్ల ఎప్పుడూ వెనక సీటు మూలకు, ఒళ్లో బాబుతో. అద్దంలో కనపడితే నేను రోడ్డు వైపు చూసుకునేవాణ్ణి. రోడ్డు చూడటం నా డ్యూటీ కదా.

ఇప్పుడు కూడా మొహం తిప్పుకుందామనుకున్నాను. మెడ తిరగలేదు.

"ఏ క్లాసు బిడ్డా?" అన్నాను.

పిల్ల మేడమ్ వైపు చూసింది. మేడమ్ బెల్టు వైపు తిరిగింది. ఆమె మెడ మస్తుగా తిరుగుతోంది, ఏ నొప్పీ లేదు.

మళ్లీ అడిగాను.